డాండీ యను మాటయు, జార్జి బ్రమ్మెలు జీవితమును

ఆంగ్లభాషలో సొగసుకానిని జెప్పు మాటలు పెక్కులు గలవు. ఫ్రెంచి భాషనుండి వచ్చిన బో యనునది యొకటి. దానికి అందగాడని యర్థము. ఫాప్ అనునది వేఱొకటి. అది మొదట వెఱ్ఱివాడను నర్థము గల మాట. పదునెనిమిదవ శతాబ్దమున ధనవంతుల కుమారులు ఇటలీ దేశమునకు యాత్ర పోయి వచ్చి, అచ్చటి తిండిని, అచ్చటి వేషమును పొగడుచుండగా, లండను జనులు విసిగి వారికి ఆ దేశపు వంటకము పేరే పెట్టి మాకరోనీలని పిలిచిరి. అమెరికాలో 1883 ప్రాంతమున డ్యూడ్ అను మాట వాడుకకు వచ్చెను. నేడు మన బాలురు ఒకరినొకరు పిలుచుకొనుటకు వాడు నీ మాట తొలుత న్యూయార్కు నగరపు షోకిల్లాలను వెక్కిరించుటకు బుట్టినదే. ఈ పేరులన్నిటిలోను దేశదేశములకు వ్యాపించి పరభాషలలో గూడ నిలిచిపోయినది డాండీ. ఆ మాట యెచ్చటనుండి వచ్చెనో, ఒక మనుష్యుని పేరుతో నెట్లు ముడిపడెనో, ఆ మనుష్యుని గతి యేమయ్యెనో యిందు జెప్పదలచితిని.

డాండీ యను మాట పుట్టుకను గూర్చి పండితులు ఏకాభిప్రాయులు కారు. స్కాట్లండు దేశమున ఆండ్రూ అను పేరుగలవానిని ముద్దుగా డాండీ యని పిలుచుట గలదు. తెలుగు బైబిలులో అంద్రెయ యని మనము చదువు పేరే యిది. పదునేడవ శతాబ్దమునుండియే జాక్-ఎ-డాండీ యను మాట డాబులు కొట్టు పడుచువానిని బరిహసించుటకు వాడుకలో నుండెను. దానిని కుదించి డాండీ చేసిరని పలువురి యభిప్రాయము. ఏమైనను ఈ మాట 1780 ప్రాంతమున స్కాట్లండు సరిహద్దులలో వినబడి, 1813 మొదలు 1819 వరకు గల సంవత్సరములలో లండను నగరమంతట మాఱుమ్రోగెను.

ఇంతలో మన విద్యార్థి యొకడు లేచి, దీనికిని మన దండి యను మాటకును సంబంధము గలదా యని యడుగవచ్చును. లేదు. మన దండి దండము చేతబట్టిన సన్న్యాసి. దశకుమారచరితమును వ్రాసిన కవి పేరును దండియే. 1930లో మహాత్మాగాంధి ఉప్పు తీసిన సముద్రతీర గ్రామము పేరును దండియే. తెలుగున దండి యనగా అధికమనియు గొప్పయనియు నర్థము. ఉత్తరదేశమున గంగానదిపై పడవ నడుపువానిని దాండీ యనుచుండిరి. పూర్వము ఈ దేశమున నుండిన యింగ్లీషువారు ఆ మాటను తమ డాండీ వలెనే వ్రాసికొనిరి. చెవికి ఒక్కటిగా దోచినను వీనికి డాండీతో చుట్టఱికము లేదు. అయితే మన మెఱిగిన డెంగీ జ్వరమునకు మాత్రము ఈ పేరుతో గొంత పొత్తు గలదు. 1827లో వెస్టిండీసు దీవులలో ఆ జ్వరము వ్యాపించినపుడు, కీళ్లనొప్పిచే ఒడలు వంపలేక బిఱుసుగా నడచు రోగులను జూచి అచ్చటివారు దానిని డాండీ జ్వరమనిరి. తల త్రిప్పనీయని గంజిగుడ్డ మెడకు జుట్టుకొని నడచు సొగసుకాండ్రు అప్పటికి అంతగా జనులకు గన్నులపండువై యుండిరి. ఆ గంజిగుడ్డను వాడుకలోనికి దెచ్చినవాడే మన కథానాయకుడు.

జార్జి బ్రయను బ్రమ్మెలు 1778వ సంవత్సరము జూను 7వ తేదీన లండను నగరమున డౌనింగు వీధిలో జన్మించెను. ప్రధానమంత్రులు నివసించు వీధిలో బుట్టినంత మాత్రమున గొప్ప వంశపువాడని తలపరాదు. ఇతని తాత తొలుత పరిచారకుడుగా నుండి, పిదప తన యింటి గదులను పెద్దమనుష్యులకు అద్దెకిచ్చి జీవించినవాడు. తండ్రి విలియము తెలివిగలవాడు, వ్రాతకోతలలో నేర్పరి. అతడు ప్రధానమంత్రియగు నార్తు ప్రభువునకు ఆంతరంగిక కార్యదర్శియై, ధనము గడించి, తన కుమారులను ప్రభువుల బిడ్డలతో సమముగా బెంచెను. వంశము లేదు, బిరుదు లేదు, తాతముత్తాతల భూమి లేదు. అయినను ఇంగ్లండు దేశపు యువరాజు ఈ పరిచారకుని మనుమని యింటికి వచ్చి, ఇతడు ఉడుపులు ధరించు రీతిని జూచుచు గంటలకొలది కూర్చుండు దినములు రానుండెను.

ఈటను పాఠశాలలో నున్నపుడే అతని శుభ్రతయు, మెడగుడ్డ కట్టుకొను తీరును తోడిబాలుర దృష్టి నాకర్షించెను. చదువులో అంతగా మెఱసినట్లు కనబడదు. ఆ దినముల కథ యొకటి గలదు. బాలురు కొందఱు ఒక పడవవానిని బట్టుకొని వంతెనపైనుండి నదిలో బడద్రోయబోయిరి. బ్రమ్మెలు అడ్డమువచ్చి, ఆ మనుష్యునికి చెమట విస్తారముగా బట్టియున్నదనియు, ఇట్టి సమయమున చన్నీటిలో ద్రోసినచో జలుబు చేయుట నిశ్చయమనియు మిక్కిలి గంభీరముగా జెప్పెనట. బాలురందఱు పకపక నవ్విరి. నవ్వుచుండగనే పడవవాడు తప్పించుకొనిపోయెను. దెబ్బలాడక, బ్రతిమాలుకొనక, ఒక్క చల్లని మాటచే గుంపు మనస్సును మఱలించు నేర్పు అందఱికి రాదు. బ్రమ్మెలునకు అది పుట్టుకతోనే వచ్చెను. పెద్దవాడైన పిమ్మట అదే నాలుకను బలహీనులను గాచుటకు వాడియుండినచో ఇతనిని గూర్చి వేఱువిధముగా వ్రాయవలసివచ్చియుండెడిది.

ఆక్సుఫర్డులో ఓరియలు కళాశాలయందు కొద్దికాలము మాత్రమే యుండెను. 1794లో తండ్రి మరణించెను. ఆ యేటనే పదునాఱేండ్ల ప్రాయమున ఇతడు యువరాజు స్వంత పటాలమగు పదియవ ఆశ్వికదళమున అధికారిగా జేరెను. యువరాజనగా తరువాత నాలుగవ జార్జి రాజైనవాడు. అతనికి మంచి మాటకారులన్న బ్రీతి, మంచి యుడుపులన్న వెఱ్ఱి. పదునాఱేండ్ల బ్రమ్మెలు రెండింటను నిపుణుడు. స్నేహము కుదిరెను. సైనిక కార్యమునందు మాత్రము శ్రద్ధ యంతంతమాత్రమే. తన దళము ఏదియో అతనికి గుర్తుండెడిది కాదట. ఆ దళములో నీలిరంగు ముక్కుగల సిపాయి యొకడుండగా, ఆ ముక్కును వెదకికొని దాని యెదుట తన గుఱ్ఱమును నిలుపుచుండెనట. ఒకనాడు ఆ సిపాయిని వేఱు దళమునకు మార్చిరి. బ్రమ్మెలు ఆ ముక్కు వెంటనే పోయి పరాయి దళము ముందు నిలిచి, సేనానాయకునిచే జీవాట్లు దినెను. ఇట్టివాడు 1796 నాటికి కాప్టెను అయ్యెననగా యువరాజు దయ యెంతటిదో తెలిసికొనవచ్చును. 1798లో పటాలమును మాంచెస్టరునకు పంప నిశ్చయించిరి. లండనునకు దూరమై యంత్రశాలల పొగలో నివసించుట తనవంటివానికి తగదని యెంచి బ్రమ్మెలు ఉద్యోగమును వదలుకొనెను.

యుక్తవయస్సు వచ్చినతోడనే తండ్రి యాస్తిలో భాగము చేతికి వచ్చెను. అది 20,000 పౌనులని కొందఱును 30,000 పౌనులని కొందఱును లెక్కకట్టిరి. ఒక కుటుంబము జీవితాంతము సుఖముగా నుండుటకు చాలిన సొమ్మే. కాని బ్రమ్మెలు స్నేహితులు వేలకొలది యెకరముల భూస్వాములు. వారితో సమముగా నుండవలెనన్న ఆ సొమ్ము దాహమునకు మంచుబిందువు వంటిది. 1799లో అతడు మేఫేరు ప్రాంతమున చెస్టరుఫీల్డు వీధిలో నొక చిన్న యిల్లు తీసికొని, తన దర్బారు నెలకొల్పెను.

అతడు చేసిన మార్పును గ్రహించుటకు అంతకుముందున్న వేష మెట్టిదో తెలియవలెను. అప్పటి దొరలు జరీపని చేసిన పట్టుకోటులును, వెల్వెటును, మోకాలివఱకే వచ్చు లాగులును, పట్టుమేజోళ్లును, అద్దకపు అంచులును ధరించుచుండిరి. తలపై పొడి చల్లుకొనుట మర్యాద. ఆ పొడి గోధుమపిండి వంటివానితో జేసినది. స్నానము అపురూపము, కంపును అత్తరుతో గప్పుకొనుట వాడుక. 1795లో ప్రధానమంత్రి పిట్టు, తలపొడి వాడువారు ఏటేట ఒక గినీ, అనగా 21 షిల్లింగులు, పన్ను చెల్లింపవలెనని చట్టము చేసెను. ఆ సంవత్సరము గోధుమలకు కఱవు. పేదలకు రొట్టె లేనిచోట పెద్దల తలలకు పిండియా యను మాట లేచియుండెను. ఈ రెండు కారణములచే పొడి వాడుక క్షీణింపదొడగెను. బ్రమ్మెలు పొడిని మాని, జుట్టు కుఱచగా కత్తిరించుకొని, అనుదినము స్నానము చేసి, గడ్డము గీచికొని, దంతములు తోముకొనెడివాడు. మన దేశమున దినస్నానము చేయని యిల్లు అపవిత్రమని యెంచుదుము గనుక ఇది గొప్పగా దోపక పోవచ్చును. నాటి లండను ప్రభువులకు మాత్రము ఇది వింతలలో వింత.

ఉడుపులలో అతని పద్ధతి యిది. పగలు ముదురు నీలిరంగు కోటు, ఇత్తడి బొత్తాములు, లేత పసుపువన్నె లోపలి కోటు, కాళ్లకు అంటియుండు పొడుగు లాగు, నల్లని బూట్లు. జరీ లేదు, రత్నములు లేవు, అత్తరు లేదు. కోటు గుడ్డ ఉన్ని. దాని సొగసంతయు కత్తిరింపులోనే యుండెను. వెస్టను, మేయరు మొదలగు దర్జీలు అతనికి గుట్టుచుండిరి. ఇక మెడగుడ్డ. అంతకుముందు మెడగుడ్డ గంజి లేక మెత్తగా మడతలుపడి గడ్డము క్రింద సంచివలె వ్రేలాడుచుండెను. బ్రమ్మెలు పలుచని తెల్లగుడ్డకు కొంచెముగా గంజి పట్టించెను. చొక్కాయి కాలరు మడవకముందు ముఖమంతయు గప్పునంత పెద్దదిగా నుండును. దానిని మడిచి, అడుగు వెడల్పుగల మెడగుడ్డను దానిపై జుట్టి, ముడివేసి, పైకప్పును జూచుచు నిలుచుండి, గడ్డమును మెల్లమెల్లగా దించుచు, గుడ్డపై మడతలు తనంతట నొక్కబడునట్లు చేయును. ఒక్క మడత వంకరపోయినను ఆ గుడ్డను పాఱవేసి వేఱొకటి తీయవలసినదే. అతని పరిచారకుడు నలిగిన గుడ్డల నొక చేతినిండ మోసికొని మెట్లు దిగుచుండగా, అవి యేమని యడిగినవారికి అవి తమ తప్పిన ప్రయత్నములని బదులు చెప్పెనట.

పలుచని గుడ్డలు, అవి విస్తారముగా, వానిని పల్లెగాలిలో ఉదికించి యారవేయింపవలెను. ఇదియే అతని సూత్రమని చెప్పుదురు. లండను పొగలో ఆరవేసిన గుడ్డ తెల్లగా నుండదు. వినుటకు సులభమైన సూత్రమే గాని, అందులో నెందఱి చేతిపని యిమిడియున్నదో చూడుడు. నూలు నేసినవాడు, కుట్టినవాడు, పల్లెనుండి మూట మోసి తెచ్చినవాడు, ఉదికి గంజిపెట్టి యిస్త్రీ చేసిన స్త్రీలు. వీరిలో నొకరి పేరైనను చరిత్రలో నిలువలేదు. ఇతని బూట్లను షాంపేను మద్యముతో మెఱుగుపెట్టుచుండిరనియు, చేతితొడుగుల బొటనవ్రేలికి ఒక పనివాడును మిగిలిన వ్రేళ్లకు వేఱొకడును ఉండిరనియు జెప్పు కథలను నేను నమ్మను. అట్టివి అతడే నవ్వుచు కల్పించి లోకముపైకి వదలియుండును.

ఇచ్చట నొక చిత్రమును గమనింపవలెను. నేడు డాండీ యనగానే రంగురంగుల చొక్కాయియు, మెఱయు బొత్తాములును, వీధిలో పదిమంది తల త్రిప్పి చూచు వేషమును మనకు దోచును. బ్రమ్మెలు కోరినది దీనికి విరుద్ధము. వీధిలో జనులు తల త్రిప్పి చూచిరేని ఆ వేషము చెడినట్లే యని అతని మతము. అనగా, ఏ మనుష్యుని పేరు చెప్పి డాండీ యను మాట లోకమున వ్యాపించెనో, ఆ మనుష్యుడు నేటి యర్థమున డాండీ కాడు. మన సొగసుకాడు, షోకిల్లా యను మాటలును అతనికి సరిగా నమరవు. షోకు అరబ్బీనుండి ఉర్దూ ద్వారమున వచ్చిన మాట. దానికి మోజు, కోరిక యని యర్థము. బ్రమ్మెలు వేషమున మోజు పైకి గనబడదు. అణచిపెట్టిన మోజు అది.

యువరాజు మొదలుకొని ప్రభువులు పెక్కుమంది చెస్టరుఫీల్డు వీధికి వచ్చి అతడు ముస్తాబగుట చూచుచుండిరి. 1811లో యువరాజు రోగియగు తండ్రికి బదులు రాజప్రతినిధి యయ్యెను. ఆ యేటనే వైట్సు అను క్లబ్బు ముఖద్వారమున విల్లువలె ముందుకు వంగిన పెద్ద కిటికీ నొకదానిని గట్టిరి. ఆ కిటికీలో బ్రమ్మెలును అతని మిత్రులును కూర్చుండి వీధిలో పోవువారి వేషములకు విలువకట్టుచుండిరి. అతడు మెచ్చినవాడు మర్యాదస్థుడు. పెదవి విఱిచినవాడు ఆ యేటికి చెడినవాడే. ఒక డ్యూకు తన క్రొత్త కోటును జూపి యభిప్రాయ మడుగగా, చుట్టును త్రిప్పి చూచి, దీనినే కోటు అందురా యని యడిగెనట. విన్నవారు నవ్విరి. అధికారము గలవానిని ఒకరు వెక్కిరించినచో మనకును నవ్వు వచ్చును. కాని సిగ్గరులైన పల్లె పడుచువారిని, పెద్ద సభలకు క్రొత్తగా వచ్చిన స్త్రీలను గూడ అతడు విడువలేదు. ఆ నవ్వు మంచిది కాదు.

ఇక సొమ్ము సంగతి. ఆ కాలపు ప్రభువులలో నొక విపరీత న్యాయముండెను. జూదములో నోడిన సొమ్ము మఱునాడే చెల్లింపవలెను. అది పరువు ఋణము. దర్జీకిని, చెప్పులు కుట్టువానికిని, రొట్టెవానికిని ఈయవలసినది మాత్రము ఏండ్ల తరబడి నిలుచుచుండెను. అడిగిన వర్తకుని ఖాతా పోవును. అడుగని వర్తకుని కొట్టు పోవును. బ్రమ్మెలు వంటివాడు తన కోటు తొడిగికొని తిరుగుటయే తనకు ప్రకటన యని దర్జీ సంతోషపడి యూరకుండెడివాడు. 1807లో వాటియర్సు అను క్లబ్బు పుట్టెను. అది మంచి భోజనమునకును అంతకంటె పెద్ద జూదమునకును బేరుపడినది. బ్రమ్మెలు అచ్చట పెద్దగా నుండెను. మొదట కొంత గెలిచెను. పిదప పోయినది తిరిగి రాలేదు.

1813 జూలైలో అతడును మఱి ముగ్గురు మిత్రులును గలిసి లండనులో నొక గొప్ప విందు చేసిరి. అప్పటికే యువరాజునకు అతనిపై మనస్సు విఱిగియుండెను. యువరాజు వచ్చి, ఇద్దఱు మిత్రులతో మాటలాడి, బ్రమ్మెలును జూడనట్లే ముందుకు సాగెను. అంతట బ్రమ్మెలు ప్రక్కనున్న ఆల్వాన్లీ ప్రభువువైపు దిరిగి, ఆ లావుపాటి మిత్రుడెవరని అందఱికి వినబడునట్లు అడిగెను. యువరాజు తన స్థూలకాయమును గూర్చి మిక్కిలి నొచ్చుకొనువాడు. బాల్యమున పడవవానిని గాచిన నాలుక ఆనాడు తన యేలికను గొట్టెను. నిజముగా జెప్పవలెనన్న ఈ యొక్క మాటచేతనే అతడు చెడలేదు; ఆ పిమ్మట మూడేండ్లు లండనులో తల యెత్తుకొనియే తిరిగెను. కాని అంతవఱకు యువరాజు ముఖము జూచి యోర్చుకొనిన ఋణదాతలు ఇక నోర్చుకొనవలసిన పని లేకపోయెను. మిత్రులతో గూడి తెచ్చిన యప్పు పంపకమున తగవు వచ్చి, ఆ మాట క్లబ్బులో పొక్కెను.

1816 మే 16వ తేదీ రాత్రి అతడు ఇంటిలో చల్లని కోడిమాంసము దిని, స్క్రోపు డేవీసు అను మిత్రునికి 200 పౌనులు పంపుమని చీటి వ్రాసెననియు, ఆ మిత్రుడు తన సొమ్మంతయు ప్రభుత్వపు ఋణపత్రములలో జిక్కుకొనియున్నదని బదులు వ్రాసెననియు చెప్పుదురు. పిదప బ్రమ్మెలు ఎప్పటివలెనే ముస్తాబై సంగీతనాటకమునకు బోయి, నలుగురికి గనబడి, ఆట ముగియకముందే లేచి బండి యెక్కి, తెల్లవాఱునప్పటికి డోవరు రేవున సముద్రము దాటి ఫ్రాన్సు చేరెను. ఇంగ్లండు కోర్టుల వారంటు కలే పట్టణమున చెల్లదు. అటుపిమ్మట అతడు లండనును మఱల జూడలేదు. కొలది దినములకే క్రిస్టీ యను వేలముదారు అతని యింటి సామానులను, పింగాణీని, నస్యపు డబ్బీలను, గ్రంథములను, తెల్లని గుడ్డలను పాటపెట్టెను. అప్పటికి అతని వయస్సు 37 సంవత్సరములు.

కలే పట్టణమున 14 సంవత్సరములుండెను. ఫ్రాన్సు దేశమునకు బోవువారును, వచ్చువారును ఆ రేవునే దాటవలెను గనుక పాతమిత్రులు తఱచుగా వచ్చి సొమ్మును, భోజనమును ఇచ్చిపోవుచుండిరి. వీరిలో ఆల్వాన్లీ ప్రభువును మఱువరాదు. అతడు తుదివఱకు విడువలేదు. యువరాజు తమ్ముని భార్యయగు యార్కు డచెస్సును దూరమునుండియే ఆదరము చూపెను. ఆమెకు కానుకగా నిచ్చుటకై బ్రమ్మెలు బొమ్మలను కత్తిరించి యంటించుచు నొక మడతతెఱను జేయ మొదలిడెను. 1820లో ఆమె మరణించెను. తెఱ పూర్తికాక నిలిచిపోయెను. అతని చేతితో ఇతరుల కొఱకు ఓపికగా చేసిన పని యిదియొక్కటే నాకు గనబడుచున్నది. మఱియొకవైపున, అప్పుల కొఱకు దేశము విడిచినవాడు అచ్చటను ఖరీదైన పింగాణీని, కొయ్యసామానులను అప్పుపైననే కొనసాగెను. 1821లో పాతమిత్రుడు, అప్పటికి రాజైనవాడు, హనోవరునకు బోవుచు కలే పట్టణమున దిగెను. ఊరంతయు వీధిలోనికి వచ్చెను. బ్రమ్మెలునకు పిలుపు రాలేదు.

1830లో మిత్రుల ప్రయత్నమువలన కాన్ పట్టణమున ఇంగ్లండు ప్రభుత్వపు కాన్సలు ఉద్యోగము లభించెను. జీతములో పెద్దభాగము కలేలోని బాకీలకే పోయెను. పని యంతగా లేని యుద్యోగము. ఈ స్థానమున కాన్సలు అక్కఱలేదని బ్రమ్మెలే పై యధికారులకు వ్రాసెను; తనను ఇంతకంటె మంచిచోటికి మార్చుదురని అతని యాశ. ప్రభుత్వమువారు అతని సలహాను సంపూర్ణముగా నంగీకరించి 1832లో ఆ యుద్యోగమునే తీసివేసిరి. వేఱొక యుద్యోగ మీయలేదు. బాల్యమునుండియు ఇతరులను నవ్వించినవానిపై విధి యాడిన పరిహాసము ఇంతకంటె నేమి కావలెను?

1835లో ఋణదాతలు అతనిని కాన్ చెఱసాలలో బెట్టించిరి. శుభ్రతకు దేశమునకెల్ల గురువైనవాడు సామాన్య ఖైదీల నడుమ గడ్డిపఱుపుపై బండుకొనవలసివచ్చెను. అచ్చటను స్నానపు నీటికొఱకును, సబ్బుకొఱకును, తెల్లగుడ్డకొఱకును బ్రతిమాలుకొనుచుండెను. కాన్ పట్టణమున ఆర్మ్‌స్ట్రాంగు అను నొక ఇంగ్లీషు కిరాణావర్తకుడుండెను. అతడు పనిగట్టుకొని లండనునకు బోయి, బ్రమ్మెలు మిత్రుల యిండ్లు దిరిగి సొమ్ము ప్రోగుచేసి తెచ్చి విడిపించెను. ఏ వర్తకజాతిని ప్రభువుల క్లబ్బు కిటికీనుండి యొకనాడు కన్నెత్తి చూడలేదో, ఆ జాతివాడొకడు వచ్చి చెఱ విడిపించెను. విడుదలయైన పిదప తెల్లని మెడగుడ్డను మాని నల్లపట్టుగుడ్డ కట్టదొడగెను. చాకలి ఖర్చునకు సొమ్ము లేదు.

కడపటి దినములలో రోగమువలన మతి చెడెను. సత్రములోని తన గదిలో సాయంకాలము దీపములు పెట్టించి, బల్లలు సర్దించి, వాకిట పరిచారకుని నిలిపి, పూర్వపు డ్యూకుల పేరులును, డచెస్సుల పేరులును పిలిపించుచు, లేనివారికి లేచి నమస్కరించి చేయూతనిచ్చి ఆసనములు చూపుచుండెనట. కొంతసేపటికి తెలివి వచ్చి ఏడ్చుచుండెనట. 1839 ప్రాంతమున అతనిని బాన్ సోవెర్ అను వైద్యశాలకు జేర్చిరి. ఆ పేరునకు మంచి రక్షకుడని యర్థము; మతిచెడినవారిని కన్యాస్త్రీలు పోషించు స్థలమది. ఆ యమ్మలు అతనికి వెచ్చని గదిని, శుభ్రమైన గుడ్డలను, ఓపికగల చేతులను ఇచ్చిరి. మూల్యము నడుగక అతనికి జరిగిన పరిచర్య బహుశః అదియే. 1840 మార్చి 30వ తేదీన, 61వ యేట, అతడచ్చట మరణించెను. కాన్ పట్టణపు ప్రొటెస్టంటు శ్మశానమున సమాధి చేసిరి.

మనుష్యుడు పోయిన పిదప మాట కదలెను. 1844లో జెస్సీ అను సైనికోద్యోగి అతని జీవితమును రెండు సంపుటములుగా ప్రకటించెను. మనకు దెలిసిన కథలలో పెక్కులు అందుండి వచ్చినవే. మఱుసటి యేటనే ఫ్రాన్సు దేశమున బార్బే దొరవిల్లి యను రచయిత డాండీతనమును ఒక తత్త్వముగా నెంచి గ్రంథము వ్రాసెను. 1863లో బోదిలేరు కవియు దానిని గూర్చి వ్రాసి, ఉడుపులు బాహ్యచిహ్నము మాత్రమే యనియు, తన్ను తాను నిగ్రహించుకొనుటయే అసలు సంగతియనియు వాదించెను. ఇంగ్లండులో మాత్రము అంతకుముందే కార్లైలు తన సార్టార్ రెసార్టస్ గ్రంథమున డాండీలను నొక మతశాఖగా వర్ణించి కడుపుబ్బ నవ్వించెను. ఇట్లు ఒక్కటే మాట కాలువ కావలివైపున గౌరవమును, ఈవలివైపున హాస్యమును పొందెను. పిమ్మట ఇంగ్లీషు వ్యవహారమున ఈ మాట మఱియు జాఱి, ఏ వస్తువైనను బాగుగా నున్నదని చెప్పుటకు గూడ వాడబడెను.

అతని వేషము మాత్రము మాటకంటె నెక్కువ దూరము నడచెను. జరీకోటు పోయి ముదురురంగు ఉన్నికోటును, మోకాలిలాగు పోయి పొడుగు లాగును, పొడితల పోయి కత్తిరించిన జుట్టును, తెల్లచొక్కాయికి మెడగుడ్డయు మిగిలెను. నేడు విజయవాడలో గాని హైదరాబాదులో గాని విందునాడు సూటు తొడిగి నిలుచుండు పెండ్లికుమారుడు ఆ చెస్టరుఫీల్డు వీధి యింటికి కొంత ఋణపడియున్నాడు. ఆ సంగతి అతనికి దెలియదు. సూటు కుట్టిన దర్జీకి మాత్రము తన కూలి దెలియును.

2002లో లండనులోని జెర్మిన్ వీధిలో బ్రమ్మెలు విగ్రహమును నిలిపిరి. చొక్కాయిలు కుట్టి యమ్ము అంగళ్లకు ఆ వీధి పేరుపొందినది. శిల్పి ఐరీనా సెడ్లెస్కా అతనిని కోటుతోను, మెడగుడ్డతోను, పొడుగు బూట్లతోను, చేత కఱ్ఱతోను మలచెను. ఆ నగరపు వర్తకులకు ఈయవలసిన బాకీలు తీర్పకయే అతడు సముద్రము దాటియుండెను.